‘మరదలా’ అన్న పిలుపు

మొన్న మా పాత కాలేజీ నుంచి ఒక చిన్న లెక్చరరు ఖరగ్‌పూర్‌లో, మలంచా పేటలో ఉన్న మా ఇంటికి వచ్చింది. ఆమెను కొత్తగా ఆడపిల్లల వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీలో వేశారట. చట్టం చదివేసింది, నియమాలు చదివేసింది, ముఖ్యమైన చోట్ల పెన్సిలుతో గీతలు కూడా గీసుకుంది. “ఇంకేమైనా తెలుసుకోవాలా మేడమ్?” అని అడిగింది. టీ పెట్టాను. మాటల్లో పడి రెండోసారి కూడా పెట్టాల్సి వచ్చింది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఆ కుర్చీల్లోకి రాబోయేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కదా.

నేను చరిత్ర చెప్పేదాన్ని. మా తాతది శ్రీకాకుళం వైపు పల్లె, నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, నేను పుట్టింది రైల్వే క్వార్టర్స్‌లో. ఉద్యోగం చివరి ఏళ్లలో నన్ను ఈ కమిటీకి అధ్యక్షురాలిని చేశారు. నాలో ఏదో గొప్ప చూసి కాదు. సీనియర్ ఆడ లెక్చరర్లలో మిగతావాళ్లందరూ ఒంట్లో బాగుండటం లేదన్నారు. నా ఒళ్లు బాగానే ఉండేది, నోరు ఇంకా బాగుండేది.

ఒక్క కేసు గురించే చెప్తాను. పేర్లు మార్చాను. ఏ సబ్జెక్టో, ఏ సంవత్సరమో చెప్పను. ప్రయోగశాల ఉన్న సబ్జెక్టు అనుకుంటే చాలు.

సార్ ఏడిపిస్తున్నారు

లావణ్య తాల్‌బగీచా నుంచి సైకిల్ మీద కాలేజీకి వచ్చే అమ్మాయి. తండ్రి వర్క్‌షాపులోనే ఫిట్టరు, తల్లి ఇంట్లో బట్టలు కుడుతుంది. ఇంట్లో మాట్లాడేది మన ఉత్తరాంధ్ర తెలుగు, బయట హిందీ, బెంగాలీ. ఇక్కడ పుట్టిన మా అందరి సంగతీ అంతే. మూడు భాషలూ వస్తాయి, కానీ మనసులో తెలుగులో అనుకుని పైకి ఇంకో భాషలో చెప్తాం.

ఆ అమ్మాయి ముందు వాళ్ల డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరికి వెళ్లింది. హిందీలో చెప్పింది: సర్ రులాతే హై. అంటే సార్ ఏడిపిస్తున్నారు అని. మనకు ఏడిపించడం అంటే ఏమిటో ఎనిమిదో క్లాసు పిల్లకైనా తెలుసు. దారి కాచి మాటలు విసిరేవాడు ఏడిపిస్తాడు. బస్సులో మీద పడేవాడు ఏడిపిస్తాడు. కానీ హిందీలోకి వెళ్లేసరికి ఆ మాటకు కన్నీళ్లే మిగిలాయి. హెడ్ గారు నవ్వారు. ఆ సారు అందర్నీ ఏడిపిస్తారమ్మా, మమ్మల్నీ మా మాస్టర్లు ఏడిపించారు కనకే ఇంతవాళ్లమయ్యాం, బాగా చదువుకో అని పంపేశారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. విన్న మాటకు జవాబు చెప్పాడు, అంతే.

అమ్మాయి ప్రాక్టికల్స్‌కు రావడం మానేసింది. తర్వాత కాలేజీకే రానంది. తల్లి ఆమెను వెంటబెట్టుకుని టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కి మా ఇంటికి వచ్చింది. తెలుగు మేడమ్ ఒకామె ఉందని ఎవరో చెప్పారట.

“మా గుంట కాలేజీకి ఎల్లనంటంది మేడమ్ గారూ. సారు ఏడిపిస్తన్నాడంట. వోళ్ల నాన్న ఇంటే సదువు మానిపించీసి ఊరు పంపీస్తాడు” అంది తల్లి.

ఊరు అంటే శ్రీకాకుళం దగ్గర మేనమామ ఇల్లు. చదువు అక్కడితో సరి. ఆ పిల్ల మొదటి రెండేళ్లూ క్లాసులో ముందున్న పిల్ల. పరీక్ష దగ్గర పడింది, ప్రాక్టికల్ మార్కులు ఆ సారు చేతిలో ఉన్నాయి. ఆమె పోగొట్టుకోబోయేది అదీ.

నేను లావణ్యను అడిగాను. “ఏటమ్మా, ఏటంటాడు ఆయన?”

కొంగు కూడా లేని చుడీదారు అంచునే వేలికి చుట్టుకుంటూ కూచుంది. చివరికి చెప్పిన మొదటి మాట నేను అనుకున్నది కాదు.

“క్లాసులో నా పేరెవులూ పిలవరు మేడమ్” అంది.

అందరి ముందూ, ఎవరికీ తెలియకుండా

ఆ సారు కూడా తెలుగువాడే. వాళ్లది కోస్తా నుంచి వచ్చి బజార్లో తరతరాలుగా దుకాణం నడుపుతున్న కుటుంబం. పాఠం బాగా చెప్తాడని నేనూ విన్నాను. అది నిజమే కూడా. మంచి పాఠం చెప్పేవాడు తప్పు చేయడని కమిటీల్లో చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో ఆ రెండింటికీ సంబంధం లేదు.

ఆ బ్యాచ్‌లో తెలుగు తెలిసిన పిల్ల లావణ్య ఒక్కతే. మొదట్లో ఆయన ఆమెతో తెలుగులో మాట్లాడితే ఆమెకు సంతోషమే వేసిందట. మన సారు అనుకుంది. తర్వాత ఆయన ఆమెను ‘మరదలా’ అని పిలవడం మొదలుపెట్టాడు. గది నిండా పిల్లలు ఉండగానే, మామూలు గొంతుతో, చిరునవ్వుతో. ప్రాక్టికల్ ఖాతా మీద, అంటే ఆంధ్రలో రికార్డు అంటారే, దాని మీద సంతకం కోసం వెళ్తే కలం పట్టుకుని అనేవాడట, “ఒకసారి బావా అని పిలువు, పెడతాను.” పిలవకపోతే ఖాతా పక్కన పడేసేవాడు.

మన ఇళ్లలో ఈ వరసలకు ఎంత స్వేచ్ఛ ఉందో నాకు తెలుసు. మా మేనత్త కొడుకులు నన్ను మరదలా అని ఆటపట్టించినవాళ్లే, నేనూ తిరిగి నాలుగు అన్నదాన్నే. అది వరస ఉన్నవాళ్ల మధ్య చెల్లుతుంది, తిరిగి అనగలిగినవాళ్ల మధ్య చెల్లుతుంది. మార్కులు వేసేవాడు మార్కులు కావలసిన పిల్లను అంటే అది ఆటెలా అవుతుంది? ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ మంట ఇంట్లోనే వదిలేసి కాలేజీకి వెళ్లాను. కుర్చీలో కూర్చునేవాళ్లు రెండు వైపులా వినాలి కదా.

ఇంకా ఘోరం ఒకటుంది. బెంగాలీ ఇళ్లలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. బడిలో రాసేది ఒకటి, ఇంట్లో ముద్దుగా పిలిచేది ఒకటి, దాన్ని డాక్‌నామ్ అంటారు. తెలుగు సారు తెలుగు పిల్లను రోజూ అలా పిలుస్తుంటే, అదే ఆమె డాక్‌నామ్ కాబోలు అనుకున్నారు క్లాసు పిల్లలు. ముద్దుగా ఉందని, తమ బెంగాలీ పలుకులో వాళ్లూ మొదలుపెట్టారు. మొరొదొలా, ఖాతా ఇవ్వు. మొరొదొలా, టిఫిన్ తెచ్చావా. క్యాంటీన్‌లో, సైకిల్ స్టాండులో, ఫోన్‌లో గ్రూపులో అదే పేరు. ఆ పిల్ల ఏమని చెప్తుంది? ఆ మాటకు అర్థం చెప్పాలంటే మొత్తం చెప్పాలి.

మిట్‌మాట్

ఇక్కడ ప్రతి గొడవకూ ఒక మందు ఉంది, దాని పేరు మిట్‌మాట్. ఇద్దర్నీ కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, చేతులు కలిపించి పంపేయడం. మా ప్రిన్సిపాల్ గారికి ఆ మందు మీద గొప్ప నమ్మకం. మర్యాదస్తుడు, గొంతు పెంచి ఎరగడు. “మిట్‌మాట్ కొరే నిన్, దీదీ” అన్నారు నాతో, రాజీ చేసేయండి అని. పరీక్షల ముందు ఎందుకీ తలనొప్పి అని ఆయన బాధ.

రాజీ అన్నది ఆ అమ్మాయి తనంతట తాను అడిగితేనే జరగాలి, మనం ఆమె మీద పెట్టకూడదు అని చట్టంలో ఉంది. అది చూపించాను. ఆయన చూశారు గానీ మనసు ఒప్పుకోలేదు. విచారణ సంగతి తర్వాత, ముందు ఆ పిల్ల ఖాతా, ఆ పిల్ల ప్రాక్టికల్ వేరేవాళ్లు చూసేలా రాయండి అన్నాను. అలా చేస్తే ఆ సారు తప్పు చేశాడని మనమే ఒప్పుకున్నట్టు కాదా అన్నారు.

“ఆయన తప్పు చేయలేదనే అనుకుందాం సార్. అప్పుడు ఒక్క ఖాతా ఇంకొకరు దిద్దితే ఆయనకు పోయేదేముంది? చేశాడనుకోండి, ఆ ఖాతా ఆయన చేతిలోనే ఉంటే ఈ అమ్మాయికి మిగిలేదేముంది?” అన్నాను.

ప్రిన్సిపాల్ గారు కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు. కొత్తగా వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. విచారణ నడిచినన్నాళ్లు నడుస్తుంది. ఫిర్యాదు చేసిన పిల్ల భవిష్యత్తును ముందు ఆ చేతిలోంచి తీయండి, తర్వాత నిదానంగా నిజం వెతకండి. ముందు నిజం, తర్వాత రక్షణ అని కూర్చుంటే నిజం తేలేసరికి పిల్ల ఊళ్లో ఉండదు.

రక్షణ దొరికిందని చెప్పాకే లావణ్య మళ్లీ కాలేజీకి వచ్చింది. ఫిర్యాదు తన చేత్తో రాసింది. ఏ భాషలో రాయమంటారు అని అడిగింది. నీకు ఏడుపు ఏ భాషలో వస్తే ఆ భాషలో రాయమన్నాను.

మనోడు

మిట్‌మాట్ కాలేజీలో కుదరకపోయేసరికి అది మా ఇంటికే వచ్చింది. మన తెలుగువాళ్ల పూజలూ పెళ్లిళ్లూ అన్నింటికీ ముందుండే పెద్దాయన ఒకరు, పూరీ గేట్ దగ్గర ఉంటారు. మా నాన్నకు స్నేహితుడు, నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చారు. డబ్బా బల్ల మీద పెట్టి, మెల్లగా విషయం ఎత్తారు.

“అమ్మా, పరాయి ఊర్లో బతుకుతున్నాం. మనోడిని మనమే బజార్న పడేస్తే ఈళ్లు నవ్వరేటి?” అన్నారు.

తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నాం, రేషను కార్డూ ఓటూ ఇక్కడే, ఇంకా పరాయి ఊరేమిటి అని మనసులో అనుకున్నాను. పైకి మాత్రం ఒక్కటే అడిగాను.

“ఆడు మనోడైతే, ఆ గుంట ఎవుల్ది పెదనాన్నా?”

ఆయన కోపం తెచ్చుకోలేదు. మిఠాయి డబ్బా తిరిగి ఇచ్చేస్తే తీసుకుని, చెప్పులేసుకుంటూ మీ నాన్న నోరే నీకూ వచ్చింది అన్నారు. దాన్ని నేను పొగడ్తగానే తీసుకున్నాను. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఇలాంటి పెద్దమనుషులు తప్పరు. వాళ్లను అవమానించక్కర్లేదు. ఇంట్లో కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి, కేసు గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పకండి.

అయితే ఆ సారు ఒక అభ్యంతరం పెట్టాడు, అది సరైనదే. అధ్యక్షురాలికి తెలుగు వచ్చు, మిగతా సభ్యులకు రాదు, ఈమె చెప్పిన అర్థమే అందరికీ అర్థమవుతుంది, ఇది న్యాయమా అన్నాడు. నాకు ఒళ్లు మండినా ఒప్పుకున్నాను. తీర్పు చెప్పే నోరే అనువాదం చెప్పకూడదు. వేరే ఊరి కాలేజీలో పనిచేసే తెలుగు లెక్చరరు ఒకామెను ఇద్దరి ఒప్పుదలతో పిలిపించాం. ఆమెకు మా ఊళ్లో చుట్టాలు లేరు, స్నేహితులు లేరు. ఎదుటి మనిషి అడిగిన న్యాయమైన కోరిక తీర్చడానికి ఎప్పుడూ వెనకాడకండి. అది మన తీర్పుకే బలం.

ఆయన తెచ్చిన సాక్షి

ఆయన వాదన తేలిగ్గా ఉంది. ప్రయోగశాల నిండా పిల్లలు ఉంటారు, నేను ఒక్క చెడ్డ మాట అన్నానేమో వాళ్లనే అడగండి అన్నాడు. సాక్షిగా మౌమితా అనే అమ్మాయి పేరు ఇచ్చాడు. ఆమె లావణ్య పక్క బెంచీ, స్నేహితురాలు. ఆ పేరు విని మా కమిటీలో ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఫిర్యాదు చేసిన పిల్ల స్నేహితురాలినే ఆయన సాక్షిగా పిలిచాడంటే ఆయన వైపు తప్పు లేదేమో అని.

మౌమితా వచ్చింది. సాక్షి మాట్లాడేటప్పుడు ఆ సారును ఎదురుగా కూర్చోబెట్టం, ఆయన ప్రశ్నలు ఏవైనా ఉంటే రాసి ఇవ్వాలి. బయటి సభ్యురాలైన ఒక లాయర్ దీదీ ప్రశ్నలు అడిగింది. మౌమితా ధైర్యంగా, ప్రేమగా చెప్పింది. సార్ చాలా మంచివారు. లావణ్యను ఇంట్లో పిల్లలా చూస్తారు. డాక్‌నామ్‌తో పిలుస్తారు. మేమూ అలాగే పిలుస్తాం.

ఆ తర్వాత అంది, “ఒకే ఉని బాబా డాక్‌తే బొలేన్.”

అంటే, లావణ్యను ఆయన తనని బాబా అని పిలవమంటారని. బెంగాలీలో బాబా అంటే నాన్న. కమిటీ సభ్యులు తలలూపారు. ఒకరైతే మెచ్చుకోలుగా నవ్వారు కూడా. బెంగాలీలో మన ‘వ’ పలకదు, ‘బ’ అయిపోతుంది. నాకు విషయం అర్థమైంది. అనువాదానికి వచ్చిన లెక్చరరు కూడా చేతిలోని కలం కింద పెట్టేసింది. మేమిద్దరం ఒకరినొకరు చూసుకోలేదు. చూసుకుంటే తప్పయ్యేది.

నేను ఎంత మామూలుగా అడగగలనో అంత మామూలుగా అడిగాను. ఎప్పుడంటారమ్మా అలా?

ఖాతా మీద సంతకం పెట్టే ముందు, అంది మౌమితా.

లావణ్య ఏమంటుంది?

ఏమీ అనదట. తల దించుకుంటుందట. అంత మంచి సార్‌ని బాబా అనడానికి ఏమిటి కష్టం అని వాళ్లందరికీ అనిపించేదట. ఒకసారి మౌమితాయే ఆమె భుజం తట్టి, “బొల్ నా” అని బతిమాలిందట. అనేయవే అని.

ఆమె వెళ్లాక అనువాదకురాలిని అందరి ముందూ రెండు మాటలే అడిగాం. మరదలు అంటే ఎవరు, బావ అంటే ఎవరు. ఆమె బెంగాలీలో చెప్పింది. మరదలు అంటే భార్య చెల్లెలు, లేదా తాను పెళ్లి చేసుకోదగ్గ వరస పిల్ల. బావ అంటే అక్క భర్త, లేదా ఆ పిల్ల పెళ్లి చేసుకోదగ్గ వరస మనిషి. నాన్న అన్న అర్థం దానికి ఎక్కడా లేదు. ఇందాక నవ్విన సభ్యుడు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

తర్వాత ఆయన వంతు. సాక్షి చెప్పింది చదివి వినిపించాం. ఆయన ముందు అది ‘బాబా’ అన్న మాటే అన్నాడు. తెలుగు పిల్లతో తెలుగులో మాట్లాడుతూ నాన్నకు బెంగాలీ మాట ఎందుకు వాడారని లాయర్ దీదీ అడిగింది. అప్పుడు దారి మార్చాడు. మన ఇళ్లలో సరదాగా అనుకునే మాటలేగా, మేడమ్‌కు తెలియనివా అన్నాడు నా వైపు చూసి. నాకు తెలుసు. అందుకే నేను అడగాల్సింది ఒక్కటే మిగిలింది.

“వోళ్ల నాన్న ముందర ఎప్పుడైనా అన్నారేటి, ఈ మాట?”

అనువాదకురాలు దాన్ని మిగతావాళ్లకు బెంగాలీలో చెప్పింది. ఆయన ఎంతసేపటికీ జవాబు చెప్పలేదు. చెప్పలేదనే రాసుకున్నాం.

తేలింది ఏమిటంటే

కమిటీ అంతా ఒక్క మాట మీద తప్పు జరిగిందని రాసింది. మేము అడిగిన శిక్ష కన్నా యాజమాన్యం వేసింది తక్కువ. ఇంక్రిమెంటు ఆపారు, ప్రాక్టికల్స్ నుంచీ పరీక్ష పనుల నుంచీ తప్పించారు. ఇంకా గట్టిగా ఉండాల్సిందని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. హెడ్ గారు మాత్రం నా గదికి వచ్చి, ఏడిపించడం అనే మాటకు మీ భాషలో ఇంకా ఎన్ని అర్థాలున్నాయి అని అడిగి తెలుసుకుని వెళ్లారు. అప్పటి నుంచి ఏ పిల్ల వచ్చి ఏ భాషలో చెప్పినా, అంటే ఏం చేశాడమ్మా అని తిరిగి అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్న ఆయన మొదటి రోజే అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కమిటీలో కూర్చునేవాళ్లకు అంతకన్నా పెద్ద పనిముట్టు నేను ఇవ్వలేను.

విచారణలో విన్నది బయట చెప్పకూడదు. మౌమితా ఒకరోజు నన్ను మెట్ల మీద ఆపి, నేను చెప్పినదాంట్లో ఏదో ఉంది కదా మేడమ్, ఆ మాటకు అర్థం ఏమిటి అని అడిగింది. నేను చెప్పలేను, లావణ్యను అడుగు, తనకు చెప్పాలనిపిస్తే చెప్తుంది అన్నాను.

లావణ్య చెప్పింది. ఎలా చెప్పిందో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, ఆ రోజు మౌమితా క్యాంటీన్ వెనక కూర్చుని చాలాసేపు ఏడ్చిందని, లావణ్యే పక్కన కూర్చుని ఊరుకోబెట్టిందని.

ప్రాక్టికల్ పరీక్ష రోజు నేను వరండాలో నిలబడి ఉన్నాను. పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఒకాయన వచ్చారు. లావణ్య సైకిల్ స్టాండు దగ్గర తాళం వేస్తోంది. పై అంతస్తు కిటికీలోంచి మౌమితా తల బయటికి పెట్టి, ఆవరణంతా వినిపించేలా పిలిచింది.

“లాబొన్నో! బేగి రా, మొదలెట్టేస్తున్నారు!”

లావణ్యను బెంగాలీలో లాబొన్నో అనే పలుకుతారు, మిగతాదీ బెంగాలీలోనే అంది, బేగి రా అన్న మా తెలుగు మాత్రం ఎప్పుడు నేర్చుకుందో ఏమో. లావణ్య తలెత్తి చూసింది.

“వస్తన్నాను” అని అరిచింది తెలుగులోనే, ఖాతా చంకన పెట్టుకుని పరిగెత్తింది.